ఆ మందు నాకు పడదు: ఆడ, మగ, వయసు, బరువు తేడాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి బైరాగిపట్టెడలో మాకు చిన్న మందుల షాపు ఉంది. ఫార్మసీ చదివి, పదిహేడేళ్ళుగా కౌంటర్ వెనక నిలబడుతున్నాను. రోజుకు ఒక్కసారైనా వినే మాట: "ఆ మందు నాకు పడదమ్మా." ఇంట్లోవాళ్ళు, కొన్నిసార్లు వైద్యం చేసేవాళ్ళు కూడా ఈ మాటను భయం అనో, అపోహ అనో కొట్టిపారేస్తారు. నాకు అలా కొట్టిపారేయాలనిపించదు. పడకపోవటానికి చాలాసార్లు కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది కూడా. షాపులో రద్దీగా ఉన్నప్పుడు రెండు ముక్కల్లో చెప్పి పంపేసిన జవాబులను ఇక్కడ తీరిగ్గా రాశాను. ఇది చదివి ఎవరూ సొంతంగా డోసు మార్చుకోవద్దు. డాక్టర్ దగ్గర ఏం అడగాలో తెలియటానికి పనికొస్తే చాలు.

మా ఆయనకు రాసిన మాత్రలు ఇంట్లో మిగిలాయి. నాకూ అదే నొప్పి. వేసుకోవచ్చా?

వద్దు. నొప్పి ఒకటే అయినా ఒళ్ళు ఒకటి కాదు. ఆయన బరువు 80 కిలోలు, మీది 48 అనుకోండి. ఆయనకు కడుపులో పుండు లేదు, మీకు ఉంది. ఆయన వేరే మందులేమీ వాడటం లేదు, మీరు బీపీ మాత్ర వాడుతున్నారు. డాక్టర్ ఆయన్ని చూసి రాసిన చీటీలో ఈ లెక్కలన్నీ ఆయనవే ఉంటాయి. నొప్పి మాత్రల్లో చాలావాటికి బీపీని పెంచే గుణం, మూత్రపిండాల మీద భారం వేసే గుణం ఉన్నాయి. మా షాపుకు వచ్చే ఇళ్ళలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఒక స్ట్రిప్ ఇంటిల్లిపాదికీ తిరుగుతుంది.

మాత్ర మింగాక ఒంట్లో అసలు ఏం జరుగుతుంది?

మాత్ర కడుపులో కరిగి, పేగుల గోడ దాటి రక్తంలోకి వెళుతుంది. రక్తం దాన్ని ఒళ్ళంతా తిప్పుతుంది. కొన్ని మందులు నీటిలో కలిసి తిరుగుతాయి, కొన్ని కొవ్వులోకి చేరి అక్కడ దాక్కుంటాయి. కాలేయంలో ఎంజైములు ఉంటాయి. అవి మందును ముక్కలు చేసి బయటకు పంపటానికి సిద్ధం చేస్తాయి. చివరికి ఎక్కువ భాగం మూత్రంలోనో, మలంలోనో పోతుంది.

ఈ దారి పొడవునా మనిషికీ మనిషికీ తేడా ఉంది. సగటున ఆడవాళ్ళ ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, నీటి పాలు తక్కువ. కడుపులోంచి ఆహారం కిందికి దిగటం ఆడవాళ్ళలో కొంచెం నిదానం. మూత్రపిండాలు వడపోసే వేగం కూడా సగటున మగవాళ్ళకంటే తక్కువ. కాలేయంలో కొన్ని ఎంజైములు మగవాళ్ళలో చురుగ్గా ఉంటే, కొన్ని ఆడవాళ్ళలో చురుగ్గా ఉంటాయి. అందుకే ఒకే పవర్ మాత్ర ఒకరికి చాలకపోవచ్చు, ఇంకొకరికి మత్తులా ఎక్కవచ్చు.

ఆడవాళ్ళకు వేరే డోసు ఉన్న మందు ఒక్కటైనా ఉందా? ఉంటే మాకెవరూ చెప్పలేదే?

ఉంది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర. చాలా ఏళ్ళు ఆడా మగా అందరికీ 10 మి.గ్రా. అనే రాశారు. రాత్రి వేసుకున్న ఆడవాళ్ళు పొద్దున బండి నడిపేటప్పుడు కూడా మత్తు దిగక తూలటం కనబడింది. కొలిచి చూస్తే, 10 మి.గ్రా. వేసుకున్న ఎనిమిది గంటల తర్వాత కూడా డ్రైవింగ్‌కు ప్రమాదం అనిపించేంత మందు, ఆడవాళ్ళలో 100 మందికి దాదాపు 15 మంది రక్తంలో ఉంది. మగవాళ్ళలో 3 శాతమే. 2013 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడవాళ్ళ డోసును సగానికి, అంటే 5 మి.గ్రా.కు తగ్గించమంది. ఆ మందుకు అక్కడ అనుమతి వచ్చింది 1992లో. ఇరవై ఏళ్ళు ఆడవాళ్ళు రెట్టింపు డోసు మింగారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు కోపం, బాధ రెండూ వస్తాయి.

ఎందుకిలా జరిగిందంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు వచ్చింది. గర్భిణులు వేవిళ్ళకు కూడా వాడారు. చేతులు, కాళ్ళు సరిగా ఏర్పడని పిల్లలు వేలల్లో పుట్టారు. 1961లో దాన్ని ఆపేశారు. ఆ భయం చాలాకాలం పోలేదు. 1977లో ఎఫ్‌డీఏ, పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్ళను మందుల తొలి దశ పరీక్షల్లోకి తీసుకోవద్దని మార్గదర్శకం పెట్టింది. వాళ్ళను కాపాడాలనే ఉద్దేశంతోనే పెట్టారు. జరిగింది మాత్రం వేరు. మగవాళ్ళ ఒంటి మీద కుదిరిన డోసే అందరి డోసు అయిపోయింది. 1993లో ఆ నియమాన్ని మార్చారు. 1997 నుంచి 2000 లోపు అమెరికాలో మార్కెట్ నుంచి తీసేసిన పది మందులను అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ పరిశీలిస్తే, ఎనిమిదింటి వల్ల ఆడవాళ్ళకే ఎక్కువ హాని అని 2001లో తేలింది. మొత్తంగా చూస్తే మందుల దుష్ఫలితాలు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ.

అయితే నేను అన్ని మాత్రలూ సగం విరిచి వేసుకోనా?

అలా చేయొద్దు. తేడా ఎప్పుడూ ఒకే వైపు ఉండదు. ఆపరేషన్‌కు ఇచ్చే ప్రొపొఫాల్ మత్తు నుంచి ఆడవాళ్ళు మగవాళ్ళకంటే త్వరగా తేరుకుంటారు. కాలేయంలో సిప్3ఎ4 అనే ఎంజైము చాలా మందులను విరగ్గొడుతుంది. అది ఆడవాళ్ళలో కొంచెం ఎక్కువ చురుకు. యాంటీబయాటిక్ సగం వేసుకుంటే సూక్ష్మజీవి చావదు, మందుకు అలవాటు పడుతుంది. ఫిట్స్ మాత్ర సగం చేస్తే ఫిట్స్ తిరిగి రావచ్చు. పైగా కొన్ని మాత్రలు విరవకూడనివి. వాటి మీద నిదానంగా కరిగే పూత ఉంటుంది, విరిస్తే మందంతా ఒక్కసారిగా ఒంట్లో పడుతుంది.

కొండకు వెళ్ళాలి. నెలసరి వాయిదా పడే మాత్ర ఇస్తారా?

తిరుపతిలో మందుల షాపు పెట్టుకున్నవాళ్ళకు ఈ ప్రశ్న రాని వారం ఉండదు. రైలు దిగి నేరుగా వచ్చి అడిగేవాళ్ళూ ఉంటారు. దర్శనం టికెట్ నెలల ముందు తీసుకుని, తీరా తేదీ దగ్గరపడ్డాక లెక్క తప్పిందని ఏడుపు మొహంతో నిలబడే అమ్మాయిలను చూస్తే నాకు మనసు ఒప్పదు. ఎవరి నమ్మకం వాళ్ళది, దాని జోలికి నేను వెళ్ళను. మాత్ర గురించి మాత్రం పూర్తిగా తెలుసుకోండి.

మామూలుగా ఇచ్చేది నోరెథిస్టెరోన్ 5 మి.గ్రా., రోజుకు మూడుసార్లు. నెలసరి వస్తుందనుకున్న రోజుకు కనీసం మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి. రేపు వస్తుందనగా ఈరోజు వేసుకుంటే పనిచేస్తుందన్న నమ్మకం లేదు. ఆపిన రెండు మూడు రోజుల్లో నెలసరి వస్తుంది. గర్భం రాకుండా ఇది కాపాడదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ మందులో కొంత భాగం ఒంట్లోకి వెళ్ళాక ఈస్ట్రోజెన్ రకం హార్మోన్‌గా మారుతుంది. అది రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్న వయసు అమ్మాయికి కొద్ది రోజుల వాడకంతో ఆ ముప్పు చాలా తక్కువ. కానీ అందరి లెక్కా ఒకటి కాదు. ఇంతకుముందు కాలి నరాల్లోనో, ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్ళు, ఇంట్లో తల్లికో అక్కకో అలా జరిగినవాళ్ళు, కళ్ళ ముందు మెరుపులు కనిపించి తర్వాత వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్ళు, బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు, ఈమధ్యే కాన్పయినవాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడకుండా దీన్ని అసలు ముట్టుకోకూడదు. దూరం ఊళ్ళ నుంచి రాత్రంతా బస్సులో కాళ్ళు ముడుచుకుని కూర్చుని వచ్చి, మళ్ళీ దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్లో గంటలు గంటలు కూర్చునేవాళ్ళకు ఆ కదలకపోవటం కూడా గడ్డకట్టటానికి తోడవుతుంది. నీళ్ళు తాగండి, లేచి నాలుగడుగులు వేయండి, పిక్కలు కదిలిస్తూ ఉండండి.

ఒక కాలి పిక్క వాచి నొప్పిపెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, ఎప్పుడూ లేని తలనొప్పి, చూపు మసకబారటం వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. దర్శనం అయ్యాక చూద్దాం అనుకోవద్దు.

ఫిట్స్‌కు ఫెనిటాయిన్, కార్బమజెపైన్, లేదా క్షయకు రిఫాంపిసిన్ వాడుతుంటే ఈ మాత్ర పని తగ్గిపోతుంది. ఆ మందులు కాలేయంలో ఎంజైములను ఉరకలు పెట్టిస్తాయి, హార్మోన్ తొందరగా విరిగిపోతుంది. గర్భనిరోధక మాత్రలకూ ఇదే వర్తిస్తుంది. మాత్ర తప్పకుండా వేసుకున్నా గర్భం వచ్చిందని బాధపడేవాళ్ళలో కొందరి కథ ఇదే. డాక్టర్ చీటీ లేకుండా నేను నోరెథిస్టెరోన్ ఇవ్వను. కోప్పడేవాళ్ళు కోప్పడతారు.

పెరటాసి నెల శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను. షుగర్ మాత్ర వేసుకోవాలా, మానాలా?

ఏ మాత్ర అన్నదాన్ని బట్టి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు షుగర్ పడిపోవటం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటివి అలా కాదు; తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటకు నెడతాయి. పొద్దున మాత్ర వేసుకుని, తీర్థం తాగి, సాయంత్రం దాకా ఏమీ తినకుండా ఉంటే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, ఆ తర్వాత మాట తడబడటం. పెద్ద వయసువాళ్ళలో, మూత్రపిండాలు మందగించినవాళ్ళలో గ్లైబెన్‌క్లమైడ్ ఒంట్లో నిలిచిపోతుంది, పడిన షుగర్ ఒక పట్టాన పైకి లేవదు. బీపీకో, గుండెదడకో ఇచ్చే ప్రొప్రనొలాల్ లాంటి మాత్ర కూడా వాడుతుంటే దడ, వణుకు తెలియవు. చెమట ఒక్కటే గుర్తు.

ఉపవాసం ఉండాలనుకుంటే పెరటాసి మొదలయ్యే ముందే డాక్టర్ దగ్గర ఆ రోజుల డోసు రాయించుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్ళు మొక్కు ఏదైనా సరే, జేబులో గ్లూకోజ్ పొడి పెట్టుకోండి. షుగర్ పడిందనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒక్కపొద్దు తప్పినందుకు స్వామి ఏమీ అనుకోడు.

మా అమ్మకు 74 ఏళ్ళు. నిద్ర పట్టదు. డయజెపామ్ రోజూ ఒకటి ఇస్తే తప్పా?

ఇది నా ఇంట్లో జరిగిన విషయం కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. మా అమ్మకు అప్పుడు 74. నేను ఊళ్ళో లేని నెలలో నిద్ర పట్టటం లేదంటే ఒకచోట రోజూ రాత్రికి 5 మి.గ్రా. డయజెపామ్ రాశారు. మొదటి మూడు రోజులు హాయిగా పడుకుంది. రెండో వారానికి పగలంతా మగతగా ఉండేది. "వయసు కదా, అట్లనే ఉంటుంది" అనుకున్నారు ఇంట్లో. మూడో వారం తెల్లవారుజామున బాత్రూమ్ దగ్గర పడిపోయి మణికట్టు విరిగింది.

డయజెపామ్ కొవ్వులో చేరే మందు. వయసు పెరిగేకొద్దీ కండ తగ్గుతుంది, కొవ్వు పాలు పెరుగుతుంది, కాలేయం నిదానిస్తుంది. రక్తంలో ఈ మందు సగానికి తగ్గటానికి ఇరవై ఏళ్ళ కుర్రాడికి దాదాపు 20 గంటలు పడితే, ఎనభై ఏళ్ళ మనిషికి 80 గంటలకు పైనే పట్టవచ్చు. వయసు ఎంతో, ఇంచుమించు అన్ని గంటలు. నిన్నటి మాత్ర పోకముందే ఈరోజుది, ఈరోజుది పోకముందే రేపటిది. మా అమ్మ ఒంట్లో అది పొరలు పొరలుగా పేరుకుంది. నేను ఫార్మసీ చదివీ ఫోన్లో "ఏం మాత్రమ్మా అది" అని అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

వాడుతున్నవాళ్ళు ఇది చదివి ఒక్కసారిగా ఆపకండి. నెలల తరబడి వాడినదాన్ని ఉన్నట్టుండి ఆపితే ఒళ్ళు తట్టుకోలేదు. డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు.

క్రియాటినిన్ 1.0, నార్మల్ అని ల్యాబ్ రిపోర్టులో ఉంది. కిడ్నీలు బాగున్నట్టే కదా?

ఒక్కోసారి ఆ నార్మల్ అన్న మాటే మనల్ని మోసం చేస్తుంది. క్రియాటినిన్ కండ నుంచి వచ్చే వ్యర్థం, మూత్రపిండాలు దాన్ని బయటకు పంపుతాయి. కండ తక్కువ ఉన్న బక్కపలచని ముసలావిడ ఒంట్లో అది తయారయ్యేదే తక్కువ. మూత్రపిండాలు సగం పనే చేస్తున్నా అంకె నార్మల్‌లోనే కనబడుతుంది.

మూత్రపిండాల వడపోత వేగాన్ని అంచనా వేయటానికి 1976 నుంచి వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది. 140 లోంచి వయసు తీసేయాలి. వచ్చినదాన్ని బరువుతో గుణించాలి. దాన్ని 72తో, మళ్ళీ క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్ళయితే ఆఖరున 0.85తో గుణించాలి.

ముప్పై ఏళ్ళు, 70 కిలోలు ఉన్న కుర్రాడికి క్రియాటినిన్ 1.0 అయితే లెక్క 107 వస్తుంది. డెబ్బై అయిదేళ్ళు, 45 కిలోలు ఉన్న అవ్వకు అదే 1.0 అయితే 34.5. ఒకే రిపోర్టు, ఒకే "నార్మల్", కానీ అవ్వ మూత్రపిండాలు కుర్రాడివాటిలో మూడో వంతే పనిచేస్తున్నాయి. నరాల నొప్పికి ఇచ్చే ప్రిగాబాలిన్, గుండెకు ఇచ్చే డిజాక్సిన్, కొన్ని యాంటీబయాటిక్‌లు మూత్రంలోనే పోవాలి. కుర్రాడి డోసు అవ్వకు ఇస్తే అవి లోపలే మిగిలిపోతాయి. అందుకే మీ పెద్దవాళ్ళ బరువు చూసి రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళను తూకం వేసి ఎన్నేళ్ళయిందో ఒక్కసారి గుర్తుచేసుకోండి.

జలుబుకు, వాంతులకు, గొంతుకు మూడు మాత్రలు కలిపి తీసుకుంటే గుండెకు ప్రమాదం అంటున్నారు. నిజమా?

కొన్ని జతలతో నిజమే. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధం కావటానికి కొంత సమయం తీసుకుంటుంది. ఈసీజీలో దాన్ని క్యూటీ అంటారు. ఈడు వచ్చాక ఆడవాళ్ళలో అది మగవాళ్ళకంటే కొంచెం పొడవు. యాంటీబయాటిక్‌లైన అజిత్రోమైసిన్, లెవోఫ్లోక్సాసిన్, వాంతులకు ఇచ్చే డోంపెరిడోన్, ఒన్డాన్‌సెట్రాన్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకొనజోల్ దాన్ని ఇంకా సాగదీయగలవు. మందుల వల్ల ఈ రకంగా గుండె లయ తప్పినవాళ్ళలో మూడింట రెండు వంతులు ఆడవాళ్ళే. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మాత్ర, సిసాప్రైడ్ అనే గ్యాస్ట్రిక్ మాత్ర అమెరికాలో ఈ కారణంతోనే షాపుల్లోంచి పోయాయి.

ఒక మాత్రతో సాధారణంగా ఏమీ కాదు. వాంతులు, విరేచనాలతో పొటాషియం పడిపోయిన ఆడమనిషికి, పైగా గుండె జబ్బు ఉన్నావిడకు, వీటిలో రెండు మూడు కలిపి ఇస్తే ఆలోచించాలి. కళ్ళు తిరిగి పడిపోయారంటే నీరసం అని సరిపెట్టుకోకుండా ఈసీజీ తీయించండి.

ఇంకా ఏ మందులు ఆడవాళ్ళను ఎక్కువ ఇబ్బంది పెడతాయి?

బీపీకి ఇచ్చే రామిప్రిల్, ఎనలాప్రిల్ వల్ల వచ్చే పొడిదగ్గు ఆడవాళ్ళలో ఎక్కువ. దగ్గు మందు మీద దగ్గు మందు తాగుతూ నెలలు గడిపినవాళ్ళను చూశాను. బీపీ మాత్ర మార్చాక దగ్గు పోయింది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలతో జననాంగాల దగ్గర దురద, ఫంగస్ ఆడవాళ్ళకు ఎక్కువ; సిగ్గుపడి చెప్పకుండా ఉండొద్దు, తగ్గించుకునే దారి ఉంది. షుగర్‌కే ఇచ్చే పయోగ్లిటాజోన్‌తో ఎముకలు విరిగే ముప్పు ఆడవాళ్ళలో పెరుగుతుంది. నీటి మాత్రల్లో థయజైడ్ రకం వల్ల రక్తంలో ఉప్పు (సోడియం) పడిపోవటం బక్కగా ఉండే పెద్దావిడల్లో ఎక్కువ. మనిషి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే మతిమరుపు అనుకోకముందే సోడియం పరీక్ష చేయించాలి.

మగవాళ్ళకు మాత్రమే వచ్చే ఇబ్బందులు లేవా?

ఉన్నాయి. స్పైరనొలాక్టోన్ అనే నీటి మాత్ర వాడే మగవాళ్ళలో కొందరికి రొమ్ము పెరిగి నొప్పి పెడుతుంది. పెళ్ళాంతో కూడా చెప్పుకోలేక కుమిలిపోతారు. మాత్ర మార్చవచ్చు, డాక్టర్‌తో చెప్పండి.

జి6పిడి లోపం ఇంకొకటి, అంటే ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము తక్కువగా ఉండటం. ఇది ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువ బయటపడుతుంది. ఈ లోపం ఉన్నవాళ్ళు మలేరియాకు ప్రైమాక్విన్‌గానీ, డాప్సోన్‌గానీ వేసుకుంటే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. మూత్రం నల్ల టీ రంగులో వస్తుంది, కళ్ళు పచ్చబడతాయి. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గుర్తు అది.

ఒకే ఇంట్లో అన్నకు పనిచేసిన గుండె మాత్ర తమ్ముడికి ఎందుకు పనిచేయలేదు?

ఎంజైములు కూడా తల్లిదండ్రుల నుంచి వస్తాయి, అన్నదమ్ములకు వేర్వేరుగా రావచ్చు. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్‌నే తీసుకోండి. మింగినప్పుడు అది మందు కాదు. కాలేయంలో సిప్2సి19 అనే ఎంజైము దాన్ని మందుగా మార్చాలి. మన దక్షిణాసియా వాళ్ళలో సగం మందికి పైగా ఆ ఎంజైము జన్యువులో కనీసం ఒక కాపీ బలహీనంగా ఉంటుంది. రెండు కాపీలూ బలహీనమైతే మాత్ర వేసుకున్నా రక్షణ బాగా తగ్గుతుంది. 2010లోనే ఎఫ్‌డీఏ దీని మీద పెద్ద హెచ్చరిక పెట్టింది. టికాగ్రెలార్ లాంటి వేరే మందులు ఉన్నాయి. గ్యాస్ మాత్రల్లో ఒమెప్రజోల్ కూడా ఇదే ఎంజైముకు అడ్డం పడుతుంది. అందుకే క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు గ్యాస్‌కు ఏదో ఒకటి ఇవ్వండి అన్నప్పుడు నేను ముందు గుండె చీటీ అడుగుతాను. స్టెంట్ ఉన్నవాళ్ళు మాత్రం ఈ అనుమానంతో ఒక్క రోజు కూడా మాత్ర మానకూడదు.

కొలెస్ట్రాల్‌కు ఇచ్చే రోసువాస్టాటిన్ ఆసియా మూలాలు ఉన్నవాళ్ళ రక్తంలో తెల్లవాళ్ళకంటే దాదాపు రెట్టింపు చేరుతుంది, మనవాళ్ళూ అందులో ఉన్నారు. అందుకే 5 మి.గ్రా.తో మొదలుపెట్టమని అమెరికా లేబుల్ మీద కూడా ఉంది. బక్కగా ఉన్న ఆడవాళ్ళు, థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్ళు ఇలాంటి మాత్రతో తొడలు, పిక్కలు పట్టేస్తున్నాయంటే నమ్మాలి.

క్షయకు ఇచ్చే ఐసోనియజిడ్‌ను మనలో చాలామంది నిదానంగా విరగ్గొడతారు. దానివల్ల అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు. దాంతోపాటు ఇచ్చే చిన్న బి6 మాత్ర అందుకే. "బలం మాత్ర కదా" అని పక్కన పెట్టేయకండి.

కడుపుతో ఉన్నాను. పాత మందులు అదే డోసులో వాడాలా?

కొన్నింటికి డోసు పెంచాల్సి వస్తుంది, ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో ద్రవం దాదాపు సగం పాళ్ళు పెరుగుతుంది, మూత్రపిండాల వడపోత కూడా దాదాపు అంతే పెరుగుతుంది. థైరాయిడ్ మాత్ర డోసు 25 నుంచి 50 శాతం పెంచాల్సి రావచ్చు. గర్భం అని తెలియగానే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష చేయించండి. ఫిట్స్‌కు వాడే లామోట్రిజిన్ రక్తంలో సగానికి పడిపోవచ్చు. కాన్పయ్యాక మళ్ళీ తగ్గించాలి.

ఫిట్స్‌కే ఇచ్చే వాల్‌ప్రోయేట్ సంగతి వేరు. అది వాడుతూ గర్భం వస్తే పుట్టే పిల్లల్లో పదిమందిలో ఒకరికి అవయవ లోపం ఉండే అవకాశం ఉంది. ఎదుగుదల, చదువులో వెనకబడే పిల్లలు ఇంకా ఎక్కువ. పెళ్ళి కుదిరిన అమ్మాయికి ఫిట్స్ ఉంటే అత్తింట్లో తెలుస్తుందని దాస్తారు, డాక్టర్ దగ్గరకూ వెళ్ళరు. దయచేసి పెళ్ళికి ముందే ఒకసారి న్యూరాలజిస్ట్‌ను కలవండి. సురక్షితమైన మందుకు మార్చటానికి సమయం కావాలి. కడుపుతో ఉన్నామని తెలిశాక భయపడి ఒక్కసారిగా ఆపేస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం.

పొద్దున్నే రాగిజావతో థైరాయిడ్ మాత్ర, బలం మాత్ర కలిపి వేసుకుంటున్నా. మంచిదే కదా?

జావ మంచిదే, మాత్ర మంచిదే, కలపటమే ఇబ్బంది. రాగుల్లో, పాలల్లో కాల్షియం ఉంటుంది. అది, ఐరన్ మాత్ర రెండూ థైరాయిడ్ మందును పేగుల్లోనే పట్టుకుని కూర్చుంటాయి. థైరాయిడ్ మాత్ర లేవగానే మంచినీళ్ళతో వేసుకోండి, కాఫీ అరగంట నుంచి గంట తర్వాత, ఐరన్, కాల్షియం మాత్రలు నాలుగు గంటలు ఆగి. ఐరన్‌తో టీ కూడా వద్దు.

పండ్లు కూడా మందులకు అడ్డం పడతాయా?

పంపరపనస పడుతుంది. అందులో ఉన్న పదార్థం సిప్3ఎ4 ఎంజైమును అడ్డుకుంటుంది. కిడ్నీ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ స్థాయి ప్రమాదకరంగా పెరగవచ్చు. వాళ్ళు ఆ పండు పూర్తిగా మానాలి. రక్తం పలచన చేసే అసినోకౌమరాల్, వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆకుకూరలు మానక్కర్లేదు, వారం వారం ఒకే పాళ్ళలో తినాలి. నెలంతా తినకుండా ఒక్కసారి పాలకూర పప్పు గిన్నెలు గిన్నెలు తింటే రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్‌ఆర్ లెక్క తప్పుతుంది.

మా నాన్న బీడీ మానేశాడు. ఆస్తమా మాత్రకు వణుకు మొదలైంది. ఏంటిది?

ఆ మాత్ర థియోఫిలిన్ అయితే కారణం స్పష్టం. పొగ కాలేయంలో సిప్1ఎ2 ఎంజైమును రెచ్చగొడుతుంది, మందు తొందరగా పోతుంది. పొగ మానగానే ఎంజైము నెమ్మదిస్తుంది, పాత డోసే ఎక్కువైపోతుంది. డాక్టర్‌కు చెప్పి డోసు తగ్గించుకోవాలి. బీడీ మళ్ళీ మొదలుపెట్టాల్సిన పని లేదు!

పిల్లలకు పెద్దల మాత్రలో సగం ఇవ్వొచ్చా?

వద్దు. పిల్లలకు డోసు బరువును బట్టి. పారాసిటమాల్ కిలోకు 10 నుంచి 15 మి.గ్రా.; పది కిలోల బిడ్డకు ఒక్కసారికి 100 నుంచి 150 మి.గ్రా. చుక్కల మందు, సిరప్ ఒకటి కాదు. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకే 100 మి.గ్రా. ఉంటుంది, సిరప్‌లో చాలావాటికి 5 మి.లీ.కు 125 లేదా 250. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే రెండు నుంచి నాలుగు రెట్లు పడుతుంది. కోడైన్ ఉన్న దగ్గు మందు పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదు. కొందరి కాలేయం కోడైన్‌ను అతి వేగంగా మార్ఫిన్‌గా మారుస్తుంది, పిల్లలకు ఊపిరి ఆగిపోయే ప్రమాదం.

షాపుకు వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

పాత చీటీలు, వాడుతున్న మాత్రల స్ట్రిప్‌లు అన్నీ ఒక కవర్లో. ఆయుర్వేదం, పసరు మందులు కూడా. మందు ఎవరికో వాళ్ళ వయసు, బరువు. కడుపుతో ఉన్నారా, పాలిస్తున్నారా. చివరి క్రియాటినిన్. ఇంతకుముందు ఏ మందు పడలేదో, అప్పుడు ఏమైందో. "ఎర్ర మాత్ర, గుండ్రంగా ఉంటుంది" అంటే నాకూ తెలియదు, స్ట్రిప్ ఫోటో అయినా ఫోన్లో తీసుకురండి. భార్య మందులకు భర్త వచ్చినప్పుడు ఈ వివరాల్లో ఒక్కటీ చెప్పలేకపోవటం చాలాసార్లు చూశాను. ఆమెకు ఫోన్ చేసి ఇవ్వండి, నేనే మాట్లాడతాను.

మందు పడలేదని ఎవరికి చెప్పాలి? చెబితే వింటారా?

ముందు రాసిన డాక్టర్‌కు చెప్పండి. దాంతోపాటు మన దేశంలో మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ప్రభుత్వ కార్యక్రమం ఒకటి 2010 నుంచి నడుస్తోంది. కేంద్రం గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌లో ఉంది. డాక్టర్లే కాదు, రోగి కూడా చెప్పవచ్చు. ఉచిత నంబరు 1800-180-3024, పని రోజుల్లో పగటిపూట. ఏ మందు, ఎంత డోసు, ఎన్ని రోజులు వాడారు, ఏమైంది, ఆపాక తగ్గిందా అని అడుగుతారు. ఆడా మగా, వయసు, బరువు కూడా రాసుకుంటారు. ఫారం నింపటం రాకపోతే స్ట్రిప్ తీసుకుని మా కౌంటర్ దగ్గరకు రండి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య రద్దీ తక్కువ, కూర్చుని నింపుదాం.